విదేశీ విద్యార్థినిని ఏడాదిపాటు ఇంట్లో ఉంచుకోవడం: అనుభవం ఉన్నవారు చెప్పండి

మల్కాజిగిరి గృహిణి:
జర్మనీ నుంచి వచ్చే పదహారేళ్ల అమ్మాయిని ఒక విద్యా సంవత్సరం మీ ఇంట్లో ఉంచుకుంటారా అని మా అమ్మాయి స్కూల్లో అడిగారు. మాది రెండు పడకగదుల ఫ్లాటు. అత్తగారికి మడి, ఆచారం ఉన్నాయి. ఇంట్లో గుడ్డు కూడా వండం. మా అమ్మాయి గంతులేస్తోంది, మావారు ఖర్చు దగ్గర ఆగిపోయారు. దాపరికం లేకుండా చెప్పండి.

తార్నాక అక్క:
మీవారి సందేహానికే ముందు జవాబు: డబ్బు ఎవరూ ఇవ్వరు. ఇలా పిల్లల్ని ఒక దేశం నుంచి ఇంకో దేశానికి చదువుకోవడానికి పంపే సంస్థలు ఏఎఫ్ఎస్, రోటరీ. వీటిలో ఏదైనా ఆతిథ్యమిచ్చే కుటుంబాలు స్వచ్ఛందంగా చేసేదే. తిండి, పడక మన బాధ్యత. వేరే గది లేకపోయినా ఫర్వాలేదు, వేరే మంచం మాత్రం ఉండాలి. మీ అమ్మాయి గదిలోనే సర్దవచ్చు.

మా ఇంటికి ఇటలీ అమ్మాయి వచ్చింది. కారం గురించి అందరూ భయపెట్టారు కానీ, అసలు చిక్కు వడ్డనలో వచ్చింది. కంచంలో మెతుకు మిగల్చకపోవడం ఆ పిల్ల నేర్చుకున్న మర్యాద. మన దగ్గర కంచం ఖాళీ అయితే ఊరుకుంటామా? "చాలు" అంటే మొహమాటపడుతోందని మా అమ్మ ఇంకో గరిటె ముద్దపప్పు, దాని మీద నెయ్యి వేసేది. పాపం, అదీ తినేది. వడ్డించేవాళ్లు వంగగానే కంచం మీద చెయ్యి అడ్డం పెట్టాలని చివరికి మా అబ్బాయే నేర్పాడు.

పద్మారావునగర్ మాస్టారు:
కాగితాల సంగతి ఎవరూ చెప్పలేదు. విదేశీయులు ఇంట్లో దిగితే 24 గంటల్లో ఆన్‌లైన్‌లో ఎఫ్ఆర్ఆర్ఓకు, అంటే విదేశీయుల ప్రాంతీయ నమోదు కార్యాలయానికి, తెలియజేయాలి. హోటళ్లకే అనుకుంటారు, ఇళ్లకూ అంతే. 180 రోజులు దాటిన విద్యార్థి వీసా అయితే వచ్చిన 14 రోజుల్లో నమోదు కూడా ఉంటుంది. పంపిన సంస్థవాళ్లు సాయం చేస్తారు, అయినా పాస్‌పోర్టు, వీసా నకళ్లు మీ దగ్గరా ఉంచుకోండి. అద్దె ఇల్లయితే యజమానికి ముందే చెప్పండి. మా అపార్ట్‌మెంటు సంఘంవారైతే "అతిథి గృహాలు నడపరాదు" అని లిఫ్టు పక్కన నోటీసు అంటించారు!

స్కూటర్ బాబాయి:
మా అన్నయ్య ఇంట్లో రోటరీ తరఫున బ్రెజిల్ అబ్బాయి ఉన్నాడు. రోటరీవాళ్లు సాధారణంగా ఏడాదిలో పిల్లల్ని ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి మారుస్తారు. ఏడాదంతా బరువనిపిస్తే ఆ దారి నయం. ఆ పిల్లలకు నాలుగు నిషేధాలు: మద్యం, మత్తుమందులు, బండి నడపడం, ప్రేమ వ్యవహారాలు. మన దగ్గర ఇబ్బంది మూడోదానితోనే. "కాలనీలోనే కదా" అని ఎవరో ఒకరు ముద్దుగా తాళాలు చేతికిస్తారు. పట్టుబడితే పిల్లవాణ్ని ఇంటికి పంపించేస్తారు.

ఒకసారి చాలు:
నేనైతే వద్దనే అంటాను. పిల్ల మంచిదే, బాధంతా మనవాళ్లతోనే. బోనాలకు, బతుకమ్మకు, ఎవరింట్లోనో పెళ్లిచూపులకు కూడా చీర కట్టించి తిప్పారు. ఆదివారమైతే చాలు, బంధువులు చూడటానికి వచ్చేవాళ్లు. "ఈ వారం ఎవరూ రాకుండా ఉంటే బాగుంటుంది ఆంటీ" అని తనే అడిగింది. చుట్టాలను కట్టడి చేయగలిగితేనే ఒప్పుకోండి. ఇంట్లో పదో తరగతి పిల్లలుంటే అసలు వద్దు.

మల్కాజిగిరి గృహిణి:
మా అమ్మాయిది పదకొండో తరగతి, బోర్డు పరీక్ష గొడవ లేదు. చుట్టాల సంగతే ఆలోచించాలి. ఆ పిల్ల బయట మాంసం తింటే ఎలా అన్నది అత్తగారి ప్రశ్న.

తార్నాక అక్క:
బయట తినడం మీకు సమ్మతమో కాదో తేల్చుకుని మొదటి వారంలోనే చెప్పండి. నెల గడిచాక చెబితే తప్పు చేసినట్టు ముడుచుకుపోతుంది. ఇంకొకటి: గది తలుపు వేసుకుంటే అలిగిందనుకోకండి. సాయంత్రం కాసేపు ఆ గది తనకే వదలమని మీ అమ్మాయితో ఇప్పుడే ఒప్పందం చేసుకోండి.

పద్మారావునగర్ మాస్టారు:
శాకాహార కుటుంబమని దరఖాస్తులోనే రాయండమ్మా, దాన్ని బట్టే పిల్లను కుదురుస్తారు. ఖరారు చేసేముందు ఇంటికి వచ్చి మాట్లాడతారు. అత్తగారిని వంటింట్లో కాదు, మీ పక్కనే కూర్చోబెట్టండి. ఆవిడ మనస్ఫూర్తిగా సరేననకపోతే సంతకం చేయకండి.

మల్కాజిగిరి గృహిణి:
శనివారం వస్తామన్నారు మాస్టారూ. మడి సంగతి తనే వివరిస్తానని, నన్ను మధ్యలో మాట్లాడవద్దని అత్తగారు ఇప్పటికే చెప్పేశారు.