కోర్టులో సాక్ష్యం: దేవుడి మీద ప్రమాణం చేయకుండా చెప్పొచ్చా?

రెడింగ్ నుంచి (ప్రశ్న):
అందరికీ నమస్కారం. మాది తెనాలి. ఇంగ్లండ్‌కు వచ్చి ఏడాది కూడా కాలేదు. మా బస్‌స్టాప్ దగ్గర ఒక గొడవ జరిగితే చూశాను, పోలీసులు అడిగితే స్టేట్‌మెంట్ ఇచ్చాను. ఇప్పుడు మేజిస్ట్రేట్స్ కోర్టుకు వచ్చి సాక్ష్యం చెప్పమని ఉత్తరం వచ్చింది. వెళ్లడానికి నాకేం అభ్యంతరం లేదు. కానీ మా ఇంట్లో తాతయ్య కాలం నుంచి దేవుణ్ణి నమ్మరు. ఆయన విజయవాడ నాస్తిక కేంద్రానికి, దాన్ని పెట్టిన గోరా గారి సభలకు వెళ్లేవారు. నాకూ నమ్మకం లేదు. బైబిలో గీతో పట్టుకుని దేవుడి పేరు చెప్పి, ఆ వెంటనే "అంతా నిజమే చెబుతాను" అనడం నా వల్ల కాదు. మొదటి మాటే అబద్ధం అవుతుంది కదా. పుస్తకం వద్దంటే తప్పుగా అనుకుంటారా? కారణం చెప్పాలా? వీసాకు ఏమైనా ఇబ్బందా? ఆఫీసులో ఒకాయన "ఊరికే పట్టుకుని చదివేసెయ్, ఎవరు చూడొచ్చారు" అంటున్నారు. ఉత్తరం వచ్చినప్పటి నుంచీ టెన్షన్‌గా ఉంది.

హౌన్స్‌లో నుంచి:
అమ్మా, ముందు టెన్షన్ వదిలెయ్. నేను ఇక్కడి కోర్టుల్లో చాలా ఏళ్లు తెలుగు ఇంటర్‌ప్రెటర్‌గా పనిచేశాను. నువ్వు అడిగింది హక్కు, ఎవరో దయతలిచి ఇచ్చేది కాదు. 1978 ఓత్స్ యాక్ట్ (ఓత్ అంటే ప్రమాణం), 5వ సెక్షన్. దేవుడి మీద ప్రమాణం చేయడానికి అభ్యంతరం ఉన్నవాళ్లు ఎవరైనా సరే దాని బదులు అఫర్మేషన్, అంటే దేవుడి పేరు లేకుండా నిజం చెబుతానని మాట ఇవ్వడం, చెప్పొచ్చు. రెండింటికీ ఒకటే విలువ అని అదే సెక్షన్‌లో రాసి ఉంది.

అక్కడ జరిగేది ఇదీ. లోపలికి పిలవక ముందే నల్ల గౌను వేసుకున్న అషర్ (సాక్షుల్ని పిలిచే కోర్టు ఉద్యోగి) వచ్చి, ఓత్ తీసుకుంటావా, అఫర్మ్ చేస్తావా అని అడుగుతారు. "అఫర్మ్" అను చాలు. బోనులో నిలబడ్డాక ఒక కార్డు చేతికిస్తారు. దాని మీద "ఐ డూ సాలమ్‌లీ, సిన్సియర్లీ అండ్ ట్రూలీ డిక్లేర్ అండ్ అఫర్మ్" అని మొదలవుతుంది. నేను చెప్పబోయే సాక్ష్యం నిజం, పూర్తి నిజం, నిజం తప్ప మరేమీ కాదు అని ముగుస్తుంది. ఎక్కడా దేవుడి ప్రస్తావన ఉండదు. ఆ "సాలమ్‌లీ" దగ్గర మనవాళ్ల నాలుక తడబడుతుంది, ఇంట్లో ఒకసారి పైకి చదువుకుని వెళ్లు. ఇంటర్‌ప్రెటర్లం మేమూ పని మొదలుపెట్టే ముందు ఓతో అఫర్మేషనో చెప్పాల్సిందే. నేను ఎప్పుడూ అఫర్మేషనే చెప్పాను, నన్ను ఒక్క జడ్జి కూడా ఎందుకని అడగలేదు.

వీసాకు దీనికీ సంబంధం లేదు. నువ్వు సాక్షివి, ముద్దాయివి కాదు.

స్లౌ నుంచి:
అమ్మాయ్, హౌన్స్‌లో ఆయన అనుభవం ఉన్న మనిషే, కాదనను. కానీ పెద్దవాడిగా నా మాట కూడా విను. అఫర్మ్ చేయాలంటే నీకు మతం లేదని కోర్టులో అందరి ముందూ చెప్పాలి, అది రూలు. అంత అవసరమా? ఇక్కడి కోర్టుల్లో భగవద్గీత కూడా ఉంచుతారు. మన దేశంలో గీత మీద చెయ్యి వేయించకుండా సాక్ష్యం తీసుకోనే తీసుకోరు. పరాయి దేశంలో మన గ్రంథానికి అంత గౌరవం ఇస్తుంటే మనమే వద్దనడం నాకు కష్టంగా ఉంటుంది. నమ్మకం సంగతి తర్వాత, అది మన సంస్కృతి.

లెస్టర్ నుంచి:
బాబాయ్ గారూ, మీరంటే గౌరవమే. కానీ ఆ అమ్మాయికి నమ్మకం లేదంటోంది. నమ్మకం లేకుండా గీత పట్టుకుంటే గీతకు ఏం గౌరవం ఇచ్చినట్టు?

చెల్లీ, నాకు జరిగింది చెబుతాను, ఇలాంటి చోట్ల ఎలా నిలబడాలో నీకు తెలుస్తుంది. మా తమ్ముడి కారు యాక్సిడెంట్ కేసులో నేను అఫిడవిట్ ఇవ్వాల్సి వచ్చింది. మా వీధి చివర ఒక సొలిసిటర్ ఆఫీసు ఉంటే అక్కడికి వెళ్లాను. బల్ల వెనకాల ఉన్నాయన నా కాగితాలు చూడకుండానే సొరుగు లాగి, స్టేప్లర్ కింద నుంచి చిన్న బైబిల్ తీశాడు. అంచులు నలిగిపోయి ఉంది. "పట్టుకుని ఈ లైను చదవండి" అన్నాడు. నేను అఫర్మ్ చేస్తానన్నాను. "అది మా దగ్గర లేదు" అన్నాడు. లేకపోవడం ఏమిటండీ, అదేమైనా దుకాణంలో సరుకా అని అడిగితే, "మీ కాగితంలో మేక్ ఓత్ అని టైపు చేసి ఉంది, కింద స్వోర్న్ అని ఉంది, కాబట్టి ఓతే తీసుకోవాలి, లేదంటే మొత్తం మళ్లీ టైపు చేయించుకుని వచ్చే వారం రండి" అన్నాడు. నా వెనకాల లైను పెరిగిపోతోంది. ఒకావిడ నిట్టూర్చింది. "జస్ట్ టచ్ ఇట్, లవ్" అన్నాడు చివరికి, అదేదో నా మేలు కోరి చెబుతున్నట్టు. కాగితాలు తీసుకుని బయటికి వచ్చేశాను. చేతులు వణికాయి, కోపంతోనే.

పక్క వీధిలో ఇంకో ఆఫీసుకు వెళ్లాను. అక్కడి ఆవిడ పెన్ను తీసి "మేక్ ఓత్" కొట్టేసి, పైన "సాలమ్‌లీ అండ్ సిన్సియర్లీ అఫర్మ్" అని రాసింది. కింద "స్వోర్న్" కొట్టేసి "అఫర్మ్‌డ్" అని రాసింది. రెండు చోట్లా ఇద్దరం పొడి సంతకాలు పెట్టాం. అంతే. ఫీజు 5 పౌండ్లు, జత చేసిన ఒక్కో కాగితానికి 2 పౌండ్లు. నిర్ణయించిన ఫీజే అది, అంతకన్నా ఎక్కువ అడిగితే ఇవ్వకండి. నువ్వు వెళ్లేది కోర్టు కాబట్టి ఇలా జరగదు. కానీ ఎప్పుడైనా అఫిడవిట్ రాయించుకుంటే ఆ రెండు మాటలూ ముందే చూసుకో.

మిల్టన్ కీన్స్ నుంచి:
ఇంత చర్చ ఎందుకండీ? నేను కోర్టుకు వెళ్లాను, నాతో ఏ ప్రమాణమూ చేయించలేదు. మా ఇంటి ఓనరు డిపాజిట్ ఇవ్వకుండా తిప్పాడు. డిపాజిట్ తీసుకున్న 30 రోజుల్లో ప్రొటెక్షన్ స్కీములో పెట్టాలి. పెట్టలేదు. గోడకు ఉన్న మేకు గుర్తులు నావేనని ఫొటోలు తీసి పెట్టాడు, నేను దిగక ముందు నుంచీ ఉన్న మేకులు అవి! 2004 హౌసింగ్ యాక్ట్ ప్రకారం డిపాజిట్ స్కీములో పెట్టకపోతే డిపాజిట్‌కి ఒకటి నుంచి మూడు రెట్ల దాకా జరిమానా అడగొచ్చు. కొత్తగా వచ్చినవాళ్లు అందరూ ఇది గుర్తుపెట్టుకోండి, మొదటి రోజే ఇంటి వీడియో తీసుకోండి. జడ్జి చిన్న గదిలో బల్ల అవతల కూర్చుని ఇద్దర్నీ అడిగాడు. పుస్తకమూ లేదు, కార్డూ లేదు. కాబట్టి ఈ ఓత్‌లు ఎప్పుడో తీసేశారు.

హౌన్స్‌లో నుంచి:
తమ్ముడూ, తీసేయలేదు. నీది స్మాల్ క్లెయిమ్స్, అంటే చిన్న మొత్తాల సివిల్ తగాదా. అక్కడ ప్రమాణం మీద సాక్ష్యం తీసుకోవాల్సిన అవసరం లేదని రూల్స్‌లోనే ఉంది, ఆ అమ్మాయిది క్రిమినల్ కేసు. అక్కడ తప్పదు.

స్లౌ అన్న గారికి రెండు మాటలు. మతం లేదని చెప్పాలనేది పాత రూలు. 1888 చట్టంలో కారణం చెప్పాల్సి వచ్చేది: నమ్మకం లేదనో, ప్రమాణం తన మతానికి విరుద్ధమనో. 1978 చట్టంలో అది లేదు. అభ్యంతరం ఉందంటే చాలు. ఇక మన దేశం సంగతి. గీత మీద చెయ్యి సినిమాల్లో చూసి అంటున్నారు. 1840లోనే కంపెనీ ప్రభుత్వం హిందువులకు గంగాజలం మీద, ముస్లింలకు ఖురాన్ మీద ప్రమాణాలు తీసేసి అఫర్మేషన్ పెట్టింది. ఇప్పుడున్నది 1969 చట్టం. దాని ప్రకారం సాక్షి దేవుడి పేరున ప్రమాణం చేయొచ్చు, లేదా అఫర్మ్ చేయొచ్చు. మన ఎమ్మెల్యేలు దైవసాక్షిగా కొందరు, ఆ మాట లేకుండా కొందరు ప్రమాణస్వీకారం చేయడం మీరే ఎన్నోసార్లు టీవీలో చూసి ఉంటారు.

"ఊరికే చదివేసెయ్" అన్న ఆఫీసు మిత్రుడికి కూడా చెప్పమ్మా. నమ్మకం లేకుండా ఓత్ తీసుకున్నా అది చెల్లుతుంది, 4వ సెక్షన్. నమ్మలేదు కాబట్టి నన్ను పట్టదు అనడానికి లేదు. ఓత్ అయినా అఫర్మేషన్ అయినా తెలిసి తెలిసి అబద్ధం చెబితే 1911 పెర్జురీ యాక్ట్ ప్రకారం ఏడేళ్ల దాకా జైలు.

గ్లాస్గో నుంచి:
మా స్కాట్లండ్‌లో పద్ధతి వేరు, కలపకండి. ఇక్కడ పుస్తకమే ఉండదు. జడ్జి లేచి నిలబడి, కుడి చెయ్యి ఎత్తి చెబుతుంటే మనం తిరిగి చెప్పాలి. దేవుడి పేరు వద్దంటే అఫర్మేషన్ చెప్పిస్తారు. ఇక్కడికి మారేవాళ్లకు పనికొస్తుందని రాశాను.

వోకింగ్ నుంచి:
అమ్మా, గోరా గారి పేరు చూసి రాయకుండా ఉండలేకపోయాను. ఈ హక్కు నీకు ఊరికే రాలేదు. 1880లో నార్తాంప్టన్ నుంచి చార్లెస్ బ్రాడ్‌లా అనే నాస్తికుడు ఎంపీగా గెలిచాడు. అఫర్మ్ చేస్తానంటే పార్లమెంటు ఒప్పుకోలేదు. సరే ఓతే తీసుకుంటానంటే, నీకు నమ్మకం లేదు కాబట్టి అదీ కుదరదన్నారు. పార్లమెంటు గడియార స్తంభంలో ఒక రాత్రి బంధించారు. సీటు పోయినప్పుడల్లా నార్తాంప్టన్ జనం ఉప ఎన్నికల్లో మళ్లీ ఆయన్నే గెలిపించారు. చివరికి 1886లో సభలో కూర్చున్నాడు, 1888 చట్టం తెచ్చాడు. 1889లో బొంబాయి కాంగ్రెస్ మహాసభకు వచ్చాడు, మన గురించి పార్లమెంటులో అంత మాట్లాడేవాడు కాబట్టి ఆయన్ని ఇండియా మెంబరు అనేవారు. 1891లో చనిపోతే మా ఊరి పక్కనే బ్రూక్‌వుడ్‌లో ఖననం చేశారు. లండన్‌లో చదువుకుంటున్న గాంధీ ఆ అంత్యక్రియలకు వచ్చాడు. తర్వాత ఎన్నో ఏళ్లకు అదే గాంధీ సేవాగ్రామ్‌లో మన గోరా గారిని పిలిపించుకుని దేవుడు, నాస్తికత్వం గురించి గంటల తరబడి మాట్లాడాడు. నువ్వు ఆ కార్డు పట్టుకుని చదివేటప్పుడు సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

లూటన్ నుంచి:
మాది గుంటూరు, మేం క్రైస్తవులం, నేను కూడా అఫర్మేషనే చెప్పాను. ఒట్టు పెట్టుకోవద్దని మత్తయి సువార్త 5వ అధ్యాయంలో ఉంది. అవును అంటే అవును, కాదు అంటే కాదు. ఈ దేశంలో దీనికోసం మొదట పట్టుబట్టింది క్వేకర్లు అనే క్రైస్తవ శాఖ వాళ్లు, వాళ్లు గట్టి భక్తులు. 1695లోనే వాళ్లకోసం చట్టం వచ్చింది. కాబట్టి చెల్లీ, అఫర్మ్ అన్నంత మాత్రాన నిన్ను చూసి నాస్తికురాలు అని ఎవరూ రాసుకోరు.

స్లౌ నుంచి:
రూలు విషయంలో నాది పాత సమాచారం, సరే. కానీ మనుషులు ఎలా చూస్తారన్నది నా అసలు మాట. దేవుడి పేరు తీసుకోని వాణ్ణి జ్యూరీ తక్కువగా చూస్తుంది. ఇది నేను అనే మాట కాదు, పరిశోధన కూడా జరిగింది.

వోకింగ్ నుంచి:
జరిగింది, 2023లో వచ్చింది. నమూనా విచారణలు చూపించి అడిగారు. మొత్తం మీద అఫర్మ్ చేసిన ముద్దాయిని ఎక్కువమంది దోషి అనలేదు. తామైతే దేవుడి మీదే ప్రమాణం చేస్తాం అన్నవాళ్లు మాత్రం అలా మొగ్గారు. అందులో అడిగింది ముద్దాయి గురించి, సాక్షి గురించి కాదు. పైగా ఈ అమ్మాయి వెళ్లేది మేజిస్ట్రేట్స్ కోర్టు, అక్కడ జ్యూరీయే ఉండదు అన్న గారూ.

లెస్టర్ నుంచి:
ఎవరో తక్కువగా చూస్తారేమో అని నమ్మకం లేనివాళ్లు నమ్మినట్టు నటించాలా? సాక్ష్యం ఉన్నదే నిజం కోసం. పౌరసత్వం సెరిమనీలో కూడా నాకు రెండు కార్డులు చూపించారు, ఒకదాంట్లో దేవుడు, ఒకదాంట్లో అఫర్మేషన్. నా పక్క కుర్చీలో ఒక పంజాబీ ముసలాయన దేవుడి కార్డు చదివాడు, నేను రెండోది చదివాను. ఇద్దరికీ మేయరు గారు ఒకే రకంగా షేక్‌హ్యాండ్ ఇచ్చారు.

హౌన్స్‌లో నుంచి:
అన్నా, అక్కా, మీ వాదన ఫోన్‌లో కానివ్వండి, ఆ అమ్మాయి పని చూద్దాం.

ఉత్తరంలో విట్‌నెస్ కేర్ (సాక్షులకు కేసు వివరాలు చెప్పే విభాగం) వాళ్ల నంబరు ఉంటుంది. ఇవాళే ఫోన్ చేసి మూడు విషయాలు చెప్పు. అఫర్మ్ చేస్తానని. ఇంగ్లిష్‌లో ఒత్తిడిలో మాట తడబడుతుందనుకుంటే తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని. అక్కడికి వెళ్లాక అడిగితే ఆ రోజు దొరకరు, కేసు వాయిదా పడుతుంది. కోర్టులో సాక్షులకు తోడుండే విట్‌నెస్ సర్వీస్ వాళ్లతో ముందుగా ఒకసారి కోర్టు చూస్తానని. అది ఉచితం, బోను ఎక్కడుందో చూస్తే సగం భయం పోతుంది.

ఆ రోజు లోపలికి వెళ్లే ముందు నీ స్టేట్‌మెంట్ చదువుకోనిస్తారు, నిదానంగా చదువు. ప్రశ్న లాయరు అడిగినా సమాధానం మేజిస్ట్రేట్ల వైపు తిరిగి చెప్పు. గుర్తులేకపోతే గుర్తులేదు అను. కేసు వివరాలు ఇక్కడ గానీ వాట్సాప్‌లో గానీ ఒక్క ముక్క కూడా రాయకు, వేరే సాక్షులతో అసలే మాట్లాడకు. సాక్ష్యం అయ్యాక ఖర్చుల ఫారం అడిగి తీసుకో. ప్రయాణం, భోజనం, పోయిన జీతం కొంత పరిమితి వరకు ఇస్తారు, కాబట్టి రైలు టికెట్టు పారేయకు.