సాయంత్రం షిఫ్ట్‌లో డిగ్రీ సీట్లు పెంచాలి, ల్యాబ్ ఎలా సర్దాలి?
నగరంలో కొత్త క్యాంపస్‌కి స్థలం దొరకడం కష్టం కాబట్టి, ఉన్న కాలేజీలోనే 5 నుంచి 9 దాకా రెండో షిఫ్ట్ పెట్టాలన్నది ఆలోచన. తరగతి గదులకు ఇబ్బంది లేదు. చిక్కంతా కెమిస్ట్రీ ల్యాబ్‌తోనే. 60 మంది సెక్షన్‌ని 20 చొప్పున విడగొడితే మూడు బ్యాచ్‌లు. వారానికి 20 గంటలున్నట్టే కనిపిస్తుంది గానీ, 3 గంటల ప్రాక్టికల్ సాయంత్రానికి ఒక్కటే పడుతుంది, అంటే వారానికి 5. రెండు సెక్షన్లకి 6 కావాలి! రోజూ మిగిలే గంట బ్యూరెట్లు (ద్రావణాన్ని కొలిచి చుక్కలుగా వదిలే గాజు గొట్టాలు) కడగడానికి, ద్రావణాలు మళ్లీ కలపడానికి సరి. అది తగ్గిస్తే మొదటి టైట్రేషనే (ద్రావణం గాఢత కొలిచే ప్రయోగం) తప్పుతుంది.

ఆరో బ్యాచ్‌ని శనివారం మధ్యాహ్నానికి నెట్టడం మేలా, బ్యాచ్‌కి 24 మందిని పెట్టి 5 బ్యాచ్‌లతో సరిపెట్టడం మేలా? రెండోదాంట్లో ఫ్యూమ్ హుడ్ (హానికర వాయువుల్ని బయటికి లాగే అర) దగ్గర క్యూ తప్పదనిపిస్తోంది. ఇలాంటి షిఫ్ట్ నడిపినవాళ్లు ల్యాబ్ అసిస్టెంట్ల డ్యూటీ వేళలు ఎలా వేశారో కూడా చెప్పగలరా?