యూదుల మీద పాత నిందలు, ఒకరికో న్యాయం ఇంకొకరికో న్యాయం: ఏ జవాబు నిలబడుతుంది?

తెరచాప అడిగారు:
యూదుల గురించి ఎక్కడ చర్చ మొదలైనా మూడు మాటలు వచ్చి తీరతాయి. వడ్డీ వ్యాపారులు, ఉంటున్న దేశం మీద విశ్వాసం లేనివాళ్లు, దేవుడు మమ్మల్నే ఎంచుకున్నాడని విర్రవీగేవాళ్లు. ఆధారాలతో ఖండించబోతే గుమ్మడికాయల దొంగ సామెత చెబుతారు. ఊరుకుంటే ఒప్పుకున్నట్టే అంటారు. యూదులు దీన్ని ఇన్ని శతాబ్దాలూ ఎలా ఎదుర్కొన్నారు? ఇంకో సందేహం: ఇజ్రాయెల్ ప్రభుత్వాన్ని తప్పుపట్టడానికీ యూదులను ద్వేషించడానికీ మధ్య గీత ఎక్కడ?

పాతకాగితం:
మూడింటికీ ఒకే జవాబు పనికిరాదండి.

వడ్డీ మాట చూడండి. బాహాటంగా వడ్డీకిచ్చే క్రైస్తవుడికి క్రైస్తవ ఖననం కూడా దక్కదని 1179లో క్యాథలిక్ చర్చి పెద్దల మూడో లాటరన్ మహాసభ శాసించింది. యూరప్‌లో చాలాచోట్ల యూదులు భూమి కొనకూడదు, చేతివృత్తుల సంఘాల్లో వాళ్లకు చోటు లేదు. అప్పులివ్వడానికి మాత్రం రాజులు అనుమతించేవారు, ఎందుకంటే ఆ రాబడిని పన్నుల రూపంలో పిండుకోవచ్చు. డబ్బు రాజుకి, తిట్లు యూదుడికి. ఇంగ్లండ్‌లో 1275లో ఆ వడ్డీని కూడా నిషేధించి, 1290లో యూదులందరినీ వెళ్లగొట్టారు. 14వ శతాబ్దంలో ఫ్లోరెన్స్‌కు చెందిన బార్ది, పెరుట్జీ అనే క్రైస్తవ కుటుంబాలు ఇంగ్లండ్ రాజు మూడో ఎడ్వర్డ్‌కే భారీగా అప్పులిచ్చాయి. దాన్నిబట్టి క్రైస్తవులంటేనే వడ్డీ వ్యాపారులని ఎవరూ అనలేదు. అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ!

విశ్వాసం సంగతికొస్తే, మిమ్మల్ని చెరపట్టి తీసుకుపోయిన ఆ పట్టణం క్షేమాన్నే కోరమని బైబిల్లో యిర్మీయా 29:7 చెబుతుంది. 3వ శతాబ్దంలో బాబిలోనియా పండితుడు షమూయేలు 'దీనా దె మల్ఖూతా దీనా' అన్నాడు, అంటే రాజ్యం చట్టమే చట్టం. అది యూదుల ధర్మశాస్త్ర చర్చల గ్రంథమైన తాల్ముదులో ఒకటికి మించిన చోట్ల వస్తుంది. అలంకారానికి అన్న మాట కాదు. పన్నులు, ఆస్తి పత్రాల తగాదాలు తేల్చడానికి వాడిన సూత్రం.

ఎంపిక విషయంలో ఆమోసు 3:2 చదవండి: మిమ్మల్ని మాత్రమే ఎరిగాను, కాబట్టి మీ దోషాలన్నిటికీ మిమ్మల్ని శిక్షిస్తాను. ఇందులో హక్కుల మాటే లేదు, ఉన్నదల్లా బాధ్యత. ఇతర జాతుల్లోని నీతిమంతులకూ రాబోయే లోకంలో వాటా ఉందన్న అభిప్రాయం తోసెఫ్తా అనే ప్రాచీన యూదు ధర్మ సంకలనంలో ఉంది. అయితే ఆధిక్యం చాటే రాతలు యూదు గ్రంథాల్లో అసలే లేవని వాదించకండి, దొరికిపోతారు. యూదులకు పుట్టుకలోనే తేడా ఉందన్నాడు మధ్యయుగపు యూదు కవి, తత్వవేత్త యెహూదా హలేవి. ఆ కాలానికే చెందిన మరో యూదు పండితుడు మైమోనిదీస్ దారి వేరు. ఇది వాళ్లలో వాళ్లకే తెగని వాదన అని చెప్పడమే నిజాయితీ.

లెక్కలపుస్తకం:
పై వివరాలన్నీ సరైనవే. కానీ ఆధారం ఉన్నంత మాత్రాన నింద పోదు. దీనికి 1916 జర్మనీని మించిన ఉదాహరణ లేదు.

మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తుండగా యూదులు యుద్ధరంగం తప్పించుకుని కార్యాలయాల్లో కూర్చుంటున్నారని ప్రచారం లేచింది. దాంతో ఆ ఏడాది అక్టోబరులో జర్మనీలోని పెద్ద రాజ్యమైన ప్రష్యా యుద్ధశాఖ సైన్యంలోని యూదులను మాత్రం విడిగా లెక్కించమని ఆదేశించింది: ముందు వరుసలో ఎందరు, వెనక ఎందరు, మినహాయింపు పొందినవాళ్లెందరు. యుద్ధం సాగినంతకాలం ఫలితాలు బయటపెట్టలేదు. ఆ మౌనమే నిందకు మేత అయింది. నిజానికి సుమారు లక్షమంది యూదులు జర్మన్ సైన్యంలో పనిచేశారు, దాదాపు 12 వేలమంది చనిపోయారు. యూదు మాజీ సైనికుల సంఘం 1932లో మృతుల పేర్లతో ఏకంగా పుస్తకమే అచ్చువేసింది. పేరు పేరునా. మరుసటి ఏడాదే హిట్లర్ అధికారంలోకి వచ్చాడు.

లోపం అంకెల్లో లేదు, జవాబు చెప్పిన వరుసలో ఉంది. 'మమ్మల్ని ఒక్కళ్లనే ఎందుకు లెక్కపెడుతున్నారు?' అన్నది ముందు అడగాలి. అంకెలు ఆ తర్వాత. వరుస తిరగబడితే పరీక్షకు ఒప్పుకుని కూర్చున్నట్టే.

పనిచేసిన పద్ధతి కూడా ఒకటుంది. యూదు పెద్దలు ప్రపంచాన్ని ఏలడానికి రహస్యంగా పన్నాగం పన్నారంటూ 1903లో రష్యాలో 'ప్రొటోకాల్స్' అచ్చయ్యాయి. 1921 ఆగస్టులో లండన్ టైమ్స్ విలేకరి ఫిలిప్ గ్రేవ్స్ వాటి పక్కనే 1864లో మోరిస్ జోలీ ఫ్రాన్స్ చక్రవర్తి మూడో నెపోలియన్ మీద రాసిన వ్యంగ్య రచనను పెట్టి, ఏ ముక్క ఎక్కణ్నుంచి ఎత్తారో చూపించాడు. ఆ మూలంలో యూదుల ఊసే లేదు. 'ఇది అబద్ధం' అని అరవడం కంటే 'ఇదిగో, దీన్నుంచి కాపీ కొట్టారు' అనడం గట్టి దెబ్బ. స్విట్జర్లాండ్ యూదు సంఘాలు దాన్ని బెర్న్ కోర్టుకెక్కించాయి కూడా. 1935 మేలో కల్పితమని తీర్పు వచ్చింది. దాన్ని వాడుకునేటప్పుడు జాగ్రత్త: 1937లో పై కోర్టు ఆ తీర్పును కొట్టేసింది, కేసు పెట్టిన చట్టం ఆ రచనకు వర్తించదన్న కారణంతో. ప్రొటోకాల్స్ నిజమైనవని మాత్రం అనలేదు. ఈ రెండో సగం దాచి మాట్లాడితే, ఎదుటివాడు అదే తీసి మీ ముఖాన కొడతాడు.

అన్నట్టు, జవాబుగా నోబెల్ విజేతల జాబితా తియ్యొద్దు. 'వాళ్లు మహా తెలివైనవాళ్లు' అన్నది అదే ముద్రకు రెండో వైపు.

త్రాసుముల్లు:
గీత సంగతి నేను చెబుతాను. నతాన్ షరాన్‌స్కీ అనే ఇజ్రాయెల్ నాయకుడు, విమర్శ ద్వేషంగా మారిందని పట్టుకోవడానికి 2004లో మూడు గుర్తులు చెప్పాడు: రాక్షసుడిగా చిత్రించడం, ఒకరికో న్యాయం ఇంకొకరికో న్యాయం, ఉనికి హక్కునే కాదనడం. 2016లో ఐహెచ్‌ఆర్‌ఏ (హోలోకాస్ట్ స్మృతి కోసం పనిచేసే అంతర్జాతీయ కూటమి) ఒప్పుకున్న యూదు ద్వేషపు నిర్వచనం, దానికి చట్టబద్ధత లేదు, 11 ఉదాహరణలిస్తూ, ఏ దేశాన్నైనా విమర్శించినట్టే ఇజ్రాయెల్‌నూ విమర్శిస్తే అది యూదు ద్వేషం కాదని స్పష్టంగా చెప్పింది. 2021లో దానికి ప్రత్యామ్నాయంగా పండితులు తెచ్చిన జెరూసలేం ప్రకటన ఇంకాస్త ముందుకెళ్లి, విమర్శ అతిగా ఉన్నా, ద్వంద్వ న్యాయంలా కనిపించినా, అంతమాత్రాన అది ద్వేషం కాదంది. ఐహెచ్‌ఆర్‌ఏ నిర్వచనం ముసాయిదా రాసినవాళ్లలో ముఖ్యుడైన కెన్నెత్ స్టెర్న్, విశ్వవిద్యాలయాల్లో నోళ్లు నొక్కడానికి దాన్ని వాడటాన్ని తానే వ్యతిరేకించాడు.

వాడుకలో నేను చూసేది ఇది. వాక్యంలో ఇజ్రాయెల్ తీసేసి ఇంకో దేశం పేరు పెట్టండి. 'ఫలానా ప్రభుత్వం ఆ గ్రామం మీద బాంబులు వేయడం నేరం' అన్నది ఏ పేరుతోనైనా అర్థవంతంగానే ఉంటుంది. 'కాబట్టి ఈ ఊళ్లో వాళ్ల ప్రార్థనా మందిరం జవాబు చెప్పాలి' అన్న క్షణంలో గీత దాటారు, ఒక రాజ్యం పనికి ఇక్కడి పౌరుణ్ని బోనెక్కించారు. రక్తం తాగడం, పత్రికలన్నిటినీ తెరవెనకనుంచి ఆడించడం లాంటి పాత బొమ్మలు దిగినా అంతే.

ద్వంద్వ న్యాయం ఒక్కటే రుజువు కాదనే నా అభిప్రాయం. తన పన్నుల డబ్బు ఎటు పోతోందో, తన బంధువులు ఎక్కడ చనిపోయారో, మనిషి దాని గురించే మాట్లాడతాడు. సంస్థల దగ్గర పట్టు బిగించవచ్చు. ఐరాస మానవ హక్కుల మండలికి 2007 నుంచి ఏడో అంశం పాలస్తీనా, ఇతర ఆక్రమిత అరబ్ ప్రాంతాల కోసమే శాశ్వతంగా ఉంది. మిగతా దేశాలన్నీ నాలుగో అంశం కిందికొస్తాయి. సుదీర్ఘ ఆక్రమణ కాబట్టి వేరే అంశం అవసరమని సమర్థించేవాళ్లు అంటారు. అయినా ఆ అమరికను అప్పటి ప్రధాన కార్యదర్శి బాన్ కీ మూన్ కూడా తప్పుపట్టాడు.

తెరచాప:
బాగా తెలిసింది, ముగ్గురికీ ధన్యవాదాలు. చివరగా ఒకటి: అరబ్బులు కూడా సెమైట్లే కదా, వాళ్లు యాంటీసెమైట్లు (యూదు ద్వేషులు) ఎలా అవుతారని అడిగితే?

పాతకాగితం:
యాంటీసెమిటిజం అన్న మాటను 1879 ప్రాంతంలో జర్మనీలో విల్‌హెల్మ్ మార్, అతని బృందం ప్రచారంలోకి తెచ్చారు, యూదు ద్వేషానికి శాస్త్రీయమైన పేరులా వినిపించాలని. అప్పట్నుంచీ దాని అర్థం యూదులకే పరిమితం. సెమిటిక్ అన్నది భాషల కుటుంబం పేరు. అందుకే ఇంగ్లిషులో మధ్యలో హైఫన్ లేకుండా ఒకే పదంగా రాయమంటారు చాలామంది చరిత్రకారులు.