గాయపడిన సైనికుల చేత గుర్రబ్బగ్గీలు తోలించి చందాలు పోగుచేయడం సబబేనా?

శారద (లెస్టర్, ఇంగ్లండ్):
పోయిన ఆదివారం మా ఊరి చివర పార్కులో చూసింది మనసులోంచి పోవట్లేదు. ఇరాక్‌లో, అఫ్ఘానిస్తాన్‌లో గాయపడిన మాజీ సైనికులు బగ్గీలు తోలుకుంటూ వచ్చారు. చారిటీ ఛాలెంజ్ అట. దారిపొడవునా వాలంటీర్లు డబ్బాలు పట్టుకుని నిలబడ్డారు. ఒకాయనకి మోకాళ్ళ కింద రెండు కాళ్ళూ లేవు. నా పక్కనున్నావిడ "అయ్యో పాపం" అంటూ ఐదు పౌండ్ల నోటు వేసింది. నేనూ వేశాను. వేశాక సిగ్గేసింది.

వీళ్ళని యుద్ధానికి పంపింది ప్రభుత్వం. కాలు పోయి తిరిగొస్తే చూసుకోవాల్సిందీ ప్రభుత్వమే. 2007లో గాయపడిన సైనికుల కోసం హెల్ప్ ఫర్ హీరోస్ అనే చందాల సంస్థ పుట్టినప్పుడు దాని మొదటి లక్ష్యం ఏమిటో తెలుసా? హెడ్లీ కోర్ట్‌లోని సైనిక పునరావాస కేంద్రానికి ఒక ఈత కొలను. అప్పటిదాకా ఆ కుర్రాళ్ళు బయట ఊరి జనం ఈదే కొలనుకి వెళ్ళేవారు. జనం చందాలేస్తే 2010కి కొలను తయారైంది. జనం మంచివాళ్ళే, కాదనను. కానీ సైన్యానికి కొలను కట్టాల్సింది చందాలతోనా? ఆ మనుషుల్నే బండెక్కించి ఊరేగించడం గౌరవమంటే నాకు మింగుడు పడదు.

జట్కా మనవడు (గుంటూరు):
మీరు మనుషుల గురించి అడిగారు. నేను గుర్రం గురించి అడుగుతాను. మా తాత జట్కా తోలేవాడు. మెడ దగ్గర తోలు ఒరుసుకుని పుండైతే రాత్రిపూట పసుపూ వేపనూనే రాస్తూ కూర్చునేవాడు. పొద్దున్నే మళ్ళీ కట్టక తప్పేది కాదు, ఇంట్లో ఆరుగురం తినాలి. అది పూట గడవని బతుకు. ఇక్కడ ఆ గతి ఎవరికీ లేదు కదా, మరి గుర్రాన్నెందుకు కష్టపెట్టడం?

మొదటి ప్రపంచయుద్ధం అయ్యాక బ్రిటిష్ సైన్యం తన గుర్రాల్ని వేలల్లో ఈజిప్టులోనే అమ్మేసి పోయింది. 1930లో డొరతీ బ్రూక్ అనే ఆవిడ కైరో వీధుల్లో చూసేసరికి అవి ముసలివై, ఎముకలు తేలి బరువులు లాగుతున్నాయి. 1934లో ఆవిడే అక్కడ వాటికి ఆసుపత్రి పెట్టింది. సైనికుడి రుణం తీర్చుకోవడానికి మళ్ళీ గుర్రాన్నే కట్టాలా?

మంజీర (నాటింగ్‌హామ్):
శారద గారూ, నాది నల్గొండ. ఫిజియోథెరపిస్టుని, ఇక్కడికొచ్చి పద్నాలుగేళ్ళు. నాలుగేళ్ళుగా సెలవు రోజుల్లో వికలాంగులకి బగ్గీ తోలడం నేర్పేచోట సాయం చేస్తున్నాను. మీరు చూసింది ఆ ఒక్క పూట. దాని వెనక ఏడాది ఉంటుంది. ఆ ఏడాది సంగతి చెప్పనివ్వండి.

స్వారీకి కాళ్ళు కావాలి, నడుము నిలవాలి. బగ్గీలో గుర్రంతో మాట్లాడేవి మూడే: గొంతు, పగ్గం, కొరడా. స్వారీలో మడమ చెప్పే మాట ఇక్కడ కొరడా కొస చెబుతుంది. కొట్టడానికి కాదది, డొక్క పక్కన తాకించడానికి. ఇక్కడి పాత పద్ధతిలో రెండు పగ్గాలూ ఎడమచేతి వేళ్ళ మధ్యే ఉంటాయి, కుడిచెయ్యి సాయానికి. అందుకే ఒక చెయ్యి లేనివాళ్ళూ నేర్చుకోగలరు. బండి వెనక ర్యాంపు దించి వీల్‌చెయిర్‌ని నేరుగా లోపలికి తోసి బిగిస్తాం. పక్కన అనుభవమున్న సారథి కూర్చుంటారు, వారి చేతిలో రెండో జత పగ్గాలు. ఏదైనా తేడా వస్తే పట్టుకోవడానికి.

మా దగ్గరికి ఒక మాజీ సైనికుడు వచ్చేవాడు. మొదటి నెలంతా మాట లేదు. పగ్గాలు తాడు లాగినట్టు బిగబట్టేవాడు. గుర్రం తల ఎగరేసి నోరు తెరిచేది. మా సారథి పెద్దావిడ. "చేతులు వదులు చెయ్" అని ఒక్కసారి కూడా అనలేదు. "ఊపిరి వదులు" అంది. వదిలాడు. వేళ్ళు వాటంతటవే సడలాయి. గుర్రం తల దించి కళ్ళెం నమలడం మొదలెట్టింది. ఆరో నెలలో శంకుల (రోడ్డు మీద పెట్టే కోన్ల లాంటివి) పరీక్ష పెట్టాం. జంట శంకుల మీద చెరొక బంతి పెడతారు, నడుమనుంచి బండి పోవాలి. చక్రానికీ శంకుకీ మధ్య జానెడు కూడా ఉండదు. బంతి పడితే 3 పాయింట్లు జరిమానా. ఆ రోజు నేను శంకుల్ని చూడలేదు. పెద్దావిడ చేతిలోని రెండో జత పగ్గాలనే చూస్తున్నాను. మొదటి శంకు నుంచి చివరిదాకా అవి వదులుగా వేలాడుతూనే ఉన్నాయి.

ఆయన్ని ఎవరూ బండెక్కించి ఊరేగించలేదండీ. ఛాలెంజ్‌కి పేరిచ్చింది ఆయనే. ఇది కొత్త సంగతీ కాదు. 1948 జూలై 29న, లండన్ ఒలింపిక్స్ మొదలైన రోజునే, స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో డాక్టర్ గుట్‌మన్ 16 మంది గాయపడిన సైనికుల చేత విలువిద్య పోటీ ఆడించాడు. పారాలింపిక్స్ పుట్టింది అక్కడే. ఆ రోజు అక్కడా ఎవరో "పాపం" అనే ఉంటారు. అలాగని విల్లు దించెయ్యమనాలా?

మనవడు గారూ, మీ ప్రశ్నని నేను కొట్టిపారెయ్యను. దూరం తోలే పోటీల్లో మధ్యలో ఆపి పశువైద్యుడు గుండెవేగం, ఊపిరి చూస్తాడు. బాగోలేకపోతే అక్కడితో సరి. మెడ పట్టీ కింద చెయ్యి దూర్చి చూడకుండా మేం బండి కట్టం. మీ తాతగారికి దొరకని వెసులుబాటు మా గుర్రాలకుంది: పొద్దున్నే కట్టి తీరాలన్న అవసరం లేదు.

మాజీ హవల్దార్ (ప్రకాశం జిల్లా):
అమ్మా శారదా, మంజీరమ్మా, ఇద్దరి మాటా విన్నాను. నాకు ఎడమ పాదం లేదు, మందుపాతర. పుణె కృత్రిమ అవయవ కేంద్రంలో కాలు పెట్టారు, దానితోనే పొలం పోతున్నాను.

ఒకసారి ఆగస్టు 15కి ఒక సభకి పిలిచారు. ఎవరో చెప్పను. శాలువా కప్పారు, సంతోషం. తర్వాత ఫొటో దిగేముందు "ప్యాంటు కాస్త పైకి మడవండి సార్, కాలు కనబడాలి" అన్నారు. మడిచాను. మా ఆవిడ తల దించుకుంది. ఇంటికొచ్చాక రెండ్రోజులు నాతో మాట్లాడలేదు. ఆ సభలో కుర్చీలో కూర్చోవడం తప్ప నేను చేసిన పని లేదు. అందుకే తోలేవాణ్ణి చూసి శారదమ్మ సిగ్గుపడనక్కర్లేదు. అతను పని చేస్తున్నాడు.

కానీ ప్రభుత్వం సంగతి ఆమె చెప్పింది నిజం. మన మురళీకాంత్ పేట్కర్‌ని తీసుకోండి. 1965 యుద్ధంలో తూటాలు తిని, 1972లో హైడెల్‌బర్గ్‌లో 50 మీటర్ల ఈతలో బంగారం తెచ్చాడు. పారాలింపిక్స్‌లో మన దేశానికి అదే మొదటి బంగారం. పద్మశ్రీ ఎప్పుడిచ్చారు? 2018లో. 46 ఏళ్ళు! ఈదినవాడి తప్పుందా ఇందులో?

జట్కా మనవడు:
సార్, నమస్కారం. మీ ముందు నేనేం వాదిస్తాను. మంజీర గారూ, వీల్‌చెయిర్, ఇద్దరు మనుషులు, బండి, అంతా కలిపి బరువెంత, ఎత్తు ఎక్కేటప్పుడు ఏం చేస్తారు? ఆ ఒక్కటీ చెప్తే నా మనసు కుదుటపడుతుంది.

మంజీర:
బండిని బట్టి మారుతుందండీ. అందుకే గుర్రాన్ని చూసి బండి ఎంచుతాం. వీల్‌చెయిర్ బండికి గట్టి పోనీలనే కడతాం. బాగా ఎత్తున్న దారి అసలు పెట్టుకోం. కాస్త ఎత్తు తగిలినా బండి వెనక నిలబడే సహాయకుడు దిగి నడుస్తాడు.

శారద:
హవల్దార్ గారూ, మీ ఇంట్లో ఆ రెండ్రోజుల సంగతి చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. బగ్గీ తోలడం మీద నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. డబ్బా మీద మాత్రం తీసుకోను. ఆ రోజు కాళ్ళు లేనాయన నా ముందునుంచి బండి తోలుకుపోతున్న క్షణంలో నా ముఖం ముందు డబ్బా గలగలమంటే నేను అతని చేతుల్ని చూడలేదు, కాళ్ళనే చూశాను. పని చేస్తున్న మనిషిని పాపం మనిషిగా మార్చింది ఆ డబ్బాయే.

మంజీర:
ఇది నేను ఆలోచించలేదు, నిజం. గుర్రాల మేతకీ నాడాలకీ డబ్బు కావాలి, మా చోటు చందాలతోనే నడుస్తోంది. కానీ డబ్బాలు దారివెంట ఉండాలని ఎక్కడుంది? గేటు దగ్గర పెట్టొచ్చు. వచ్చే మీటింగులో అడుగుతాను. దానికన్నా ముందు తోలేవాళ్ళని అడగాలి, వాళ్ళకెలా ఉంటుందో. ఇన్నేళ్ళలో ఎవరం అడగలేదు.

మాజీ హవల్దార్:
అడుగమ్మా. వాళ్ళేమన్నారో ఇక్కడే రాయి. మా ఆవిడకి కూడా చదివి వినిపిస్తాను.