విచారణ నివేదిక ఇవ్వకుండానే డిస్మిస్ చేశారు, ఇప్పుడు రాజీనామా అడుగుతున్నారు

ప్రశ్న: మా అన్నయ్య ఒక మందుల ఫ్యాక్టరీలో ఆరేళ్లుగా మెషీన్ ఆపరేటర్. రాత్రి షిఫ్టులో సూపర్‌వైజరును దూషించారని ఛార్జిషీటు ఇచ్చి, ఒక్క పూటలో విచారణ ముగించి, సాక్షులను ప్రశ్నించే అవకాశం ఇవ్వకుండానే ఇంగ్లీషు కాగితాల మీద సంతకాలు తీసుకున్నారు. పది రోజులకు డిస్మిస్ ఉత్తర్వు ఇచ్చారు. ఇప్పుడేమో వెనకటి తేదీతో రాజీనామా రాసిస్తే పీఎఫ్, గ్రాట్యుటీ త్వరగా ఇప్పిస్తామంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ముందుగా, రాజీనామా మాత్రం రాయనివ్వకండి. రాసిచ్చిన మరుక్షణం అది తొలగింపు కాకుండా పోతుంది, బలవంతంగా రాయించుకున్నారని రుజువు చేసే భారం మీ అన్నయ్య మీద పడుతుంది. పీఎఫ్ సొమ్ము ఆయనది, ఏ శిక్ష వేసినా దాన్ని ఆపే అధికారం యాజమాన్యానికి లేదు. గ్రాట్యుటీని కూడా చట్టంలో చెప్పిన కొద్ది కారణాల మీద తప్ప ఆపకూడదు.

ఇక విచారణ సంగతి. నేను చాలా ఏళ్లు కార్మికుల పక్షాన ఇలాంటి విచారణల్లో కూర్చున్నాను కనుక, మీరు రాసింది చదువుతుంటే బాధ కలిగింది. సాక్షిని ప్రశ్నించనివ్వకపోవడం, తెలియని భాషలో నడపడం చిన్న లోపాలు కావు. విచారణాధికారి నివేదిక ప్రతిని శిక్షకు ముందే ఉద్యోగికి ఇచ్చి, దానిపై అతని జవాబు వినాలని హైదరాబాదులోని ఈసీఐఎల్ (ప్రభుత్వ రంగ ఎలక్ట్రానిక్స్ సంస్థ) కేసులో 1993లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది, అది ప్రైవేటు సంస్థలకూ వర్తిస్తుందని స్పష్టం చేసింది. అయితే ప్రతి ఇవ్వనంత మాత్రాన ఉద్యోగం తిరిగి రాదు. దానివల్ల తనకు ఏ నష్టం జరిగిందో ఆయన చూపాలి, యాజమాన్యం ఆరోపణను ట్రిబ్యునల్ (కార్మిక వివాదాలను తేల్చే న్యాయస్థానం) ముందు కొత్తగా రుజువు చేసుకోవడానికి అనుమతి కోరవచ్చు. ఆరోపణ నిజమని తేలినా, ఒక్క మాట జారినందుకు ఆరేళ్ల ఉద్యోగం తీసేయడం మితిమీరిన శిక్ష అనిపిస్తే తగ్గించే అధికారం ట్రిబ్యునల్‌కు ఉంది.

కార్మిక శాఖలో ఇరుపక్షాల మధ్య రాజీకి ప్రయత్నించే కన్సిలియేషన్ అధికారికి వెంటనే అర్జీ ఇవ్వండి. పాత పారిశ్రామిక వివాదాల చట్టంలో ఇందుకు మూడేళ్ల గడువుండేది, 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో అది రెండేళ్లకు తగ్గింది.

మళ్లీ ప్రశ్న: చివరి పేజీలో "విచారణ సక్రమంగా జరిగింది, నాకు సంతృప్తిగా ఉంది" అని ముందే టైపు చేసి ఉందట. దాని కిందా సంతకం పెట్టారు.

జవాబు: ఆ వాక్యం చాలా విచారణ కాగితాల్లో నేను చూశాను. అది కేసును బలహీనపరుస్తుంది కానీ చంపేయదు. ఆ పూట ఏం జరిగిందో, ఎవరెవరున్నారో, ఏ కాగితాన్ని చదివి వినిపించలేదో మీ అన్నయ్య చేత ఈ రోజే తెలుగులో రాయించి, నివేదిక ప్రతి కోరుతూ యాజమాన్యానికి స్పీడ్ పోస్టులో పంపించి రసీదు దాచండి. గేటు దగ్గర గుర్తింపు కార్డు అడిగితే ఇచ్చే ముందు రెండు వైపులా ఫొటో తీసుకోమనండి.