లిఫ్టులో 12 తరువాత 14 ఉంది: దస్తావేజులో ఏ అంతస్తు రాయించుకోవాలి?

కొత్త గృహస్థు

హైదరాబాదులో కడుతున్న ఒక బహుళ అంతస్తుల సముదాయంలో ఫ్లాటు కొనాలనుకుంటున్నాము. అక్కడి లిఫ్టు మీటల్లో 12 తరువాత నేరుగా 14 ఉంది. మాకు చూపిన ఫ్లాటు సంఖ్య 1404, కానీ కింది నుంచి లెక్కపెడితే అది పదమూడో అంతస్తే. విక్రయ దస్తావేజులో ఏ అంతస్తు రాయించుకోవాలి, బ్యాంకు అభ్యంతరం చెబుతుందా, రేపు అమ్ముకునేటప్పుడు చిక్కు వస్తుందా అన్నవి నా సందేహాలు. ఇంకొక విషయం: మా బావమరిది తన పచ్చళ్ల వ్యాపారానికి ‘గోదావరి’ అన్న మాట ఉండేలా పేరు పెట్టుకుంటే, ఆంగ్ల అక్షరాల మొత్తం కలిసిరాదని, ‘డి’ పక్కన ఒక ‘హెచ్’ చేర్చమని ఎవరో చెప్పారు. అలా చేర్చితే ట్రేడ్‌మార్కుకు మేలా, కీడా?

సైటు ఇంజనీరు

అందరూ చివరికి నిర్మాణదారునే ఆడిపోసుకుంటారు కాబట్టి మా వైపు మాట ముందే చెబుతున్నాను. పదమూడు అని రాసిన అంతస్తులో ఫ్లాట్లు ఆఖరున అమ్ముడవుతాయి. అప్పుడైనా కొనేవారు ఆ అంకెను చూపి ధర తగ్గించమంటారు. లిఫ్టు మీట మీద కనిపించే అంకె పేరు మాత్రమే. లోపలి యంత్రం తన లెక్కన తాను ఆగుతుంది. అందువల్ల 14 అని రాయడానికి మాకు ఖర్చేమీ లేదు. ఒకచోట మేము 12ఏ అని పెట్టి చూశాము. సరుకులు తెచ్చే కుర్రాళ్లు ‘ఏ’ అంటే బ్లాకు పేరనుకుని పన్నెండో అంతస్తులో తలుపులు కొట్టేవారు, నివాసులేమో మా మీద విరుచుకుపడేవారు. ఇంకో విచిత్రం చెప్పనివ్వండి: 1303 వద్దని లేచిపోయిన పెద్దమనిషి, అంకెలు కూడితే నాలుగు వచ్చే 1201ని సంతోషంగా తీసుకున్నాడు. పదమూడును కూడినా వచ్చేది ఆ నాలుగే కదా!

బర్నబీ తెలుగువాడు

మీరు ఒక్క అంతస్తుకే ఇంత ఆలోచిస్తున్నారు. ఇక్కడ కెనడాలో, మా పొరుగునున్న వాంకూవర్‌లో చైనా సంతతి కొనుగోలుదారుల కోసం 4, 14, 24 తీసేసి, పాశ్చాత్యుల కోసం 13 కూడా తీసేసేవారు. అగ్నిమాపక సిబ్బంది చీకట్లో, పొగలో అంతస్తులు లెక్కపెట్టుకుంటూ ఎక్కవలసి వచ్చినప్పుడు ఇది ప్రాణాంతకమని గ్రహించి, కొత్త భవనాల్లో అంకెలు దాటవేయడాన్ని నగరపాలక సంస్థ 2015లో ఆపించింది. హాంకాంగ్‌లోనైతే కాండ్యూట్ రోడ్డులోని ఒక భవనంలో నలభై పైచిలుకు అంతస్తులే ఉన్నా, అన్నిటికన్నా పై అంతస్తుకు 88 అని పేరు పెట్టారు. మన నిర్మాణదారులు ఇంకా ఆ స్థాయికి చేరలేదని సంతోషించండి.

అంకజ్యోతి

ఇక్కడ వ్రాస్తున్నవారిలో సంఖ్యాశాస్త్రాన్ని వృత్తిగా స్వీకరించినవాడిని నేనొక్కడినే అనుకుంటాను. ఎన్నో సంస్థలకు, సినిమా బ్యానర్లకు, విద్యాసంస్థలకు పేర్లు సరిచేశాను. ఇది మూఢనమ్మకమైతే ప్రపంచ సంస్థలు ఎందుకు పాటిస్తాయి? ఆల్ఫా రోమియో తన 164 కారును హాంకాంగ్‌లో 168 అని అమ్మింది. రెనో 17 ఇటలీకి వెళ్లేసరికి 177 అయింది. మైక్రోసాఫ్ట్ ఆఫీస్ అంతర్గత సంచికల్లో 12 తరువాత 14 వచ్చింది. వన్‌ప్లస్ 3టీ తరువాత 2017లో వచ్చిన ఫోను 5. కోట్ల వ్యాపారం చేసేవారు వేదకాలం నాటి ఈ శాస్త్రాన్ని గౌరవిస్తుంటే మనం ఎగతాళి చేయడం తగదు. బావమరిది గారి పేరు విషయంలో ‘గోదావరి’కి ఆంగ్ల అక్షరాల విలువల మొత్తం 25, ఆ రెండంకెలనూ కూడితే ఏడు. వ్యాపారానికి ఏడు తగదు. హెచ్ చేర్చితే 30, అంటే మూడు, గురువు అంకె. నిస్సందేహంగా చేర్చండి.

విశ్రాంత తెలుగు పండితుడు

అంకజ్యోతి గారు ‘వేదకాలం’ అన్న మాట వాడకపోయి ఉంటే నేను కలుగజేసుకునేవాడిని కాను. మీరు కూడినది ఐర్లండులో పుట్టి 1936లో మరణించిన కీరో అనే జ్యోతిష్కుడు ప్రచారంలోకి తెచ్చిన పట్టికతో. అందులో ఏ ఆంగ్లాక్షరానికీ తొమ్మిది విలువ లేదు. పైథాగరస్ పేరు మీద చెలామణీ అవుతున్న రెండో పట్టికతో కూడితే అదే ‘గోదావరి’కి 41, అంటే ఐదు వస్తుంది. వ్యాపారానికి బుధుడి అంకె ఐదు మహా శ్రేష్ఠమని మీవారే అంటారు. హెచ్ చేర్చగానే అది 49 అయి, చివరికి నాలుగుకు దిగుతుంది. ఒక పట్టికలో పైకి తెచ్చిన అక్షరమే ఇంకో పట్టికలో కిందికి లాగుతుంటే, పచ్చళ్ల జాడీకి ఏ పట్టిక వర్తిస్తుందో ఎవరు తేల్చాలి?

మనకు అక్షరాలను అంకెలుగా చదివే పద్ధతి లేకపోలేదు. కటపయాది ఉంది. గో అంటే 3, దా అంటే 8, వ అంటే 4, రి అంటే 2. కుడి నుంచి ఎడమకు చదువుకోవాలి కనుక 2483. కానీ ఆ పద్ధతి పుట్టింది అదృష్టం చెప్పడానికి కాదు, సంఖ్యను గుర్తుంచుకోవడానికి. కర్ణాటక సంగీతంలో కల్యాణి రాగానికి ముందు ‘మేచ’ చేర్చి మేచకల్యాణి అన్నారు. మ ఐదు, చ ఆరు, తిప్పితే 65, అది 65వ మేళకర్త, అంటే మూల రాగాల వరుసలో 65వది. శంకరాభరణానికి ముందు ‘ధీర’ చేర్చితే 29 అయింది. అంకె కోసం పేరుకు అక్షరాలు చేర్చిన సంప్రదాయం మనకు నిజంగానే ఉంది. అయితే కల్యాణి రాగం ధీర చేర్చుకుంటే ఇంకా బాగా పలుకుతుందని ఎవరూ అనలేదు.

అంకజ్యోతి

పండితులవారు పుస్తకాలు చదివారు. నేను మనుషుల జాతకాలు మారడం చూశాను. పైథాగరస్ పట్టిక మన వాతావరణానికి సరిపడదని అనుభవజ్ఞులందరికీ తెలుసు. పరిహాసం చేసేవారు ఖైరతాబాదు రవాణా కార్యాలయానికి వెళ్లి చూడాలి. 2024లో 9999 అన్న ఒక్క వాహన సంఖ్యకు వేలంలో 25 లక్షల రూపాయల పైన పలికింది. అంత డబ్బు పెట్టినవారు అమాయకులా?

విశ్రాంత తెలుగు పండితుడు

వాతావరణానికి సరిపడకపోవడానికి అది పట్టికా, పంటా? వేలంలో పలికిన ధర కొన్నవాడి స్తోమతకు సాక్ష్యం, అంకె మహిమకు కాదు. పోతే, మీరు ఉదహరించిన కార్ల ఉదంతాలే మీ మాటకు అడ్డు వస్తున్నాయి. ఇటలీలో భయపడేది పదిహేడుకు, చైనాలో నాలుగుకు. శాస్త్రమైతే సరిహద్దు దాటగానే మారదు. మారేది కొనేవాడి భయం.

పౌరోహితుడు, అమలాపురం

పదమూడు సంగతి నన్ను చెప్పనివ్వండి. ధన త్రయోదశి నాడు బంగారు దుకాణాల ముందు బారులు తీరేదీ, ఫ్లాటు సంఖ్యలో పదమూడు ఉందని పారిపోయేదీ ఒకే కుటుంబం. త్రయోదశి ప్రదోషం శివపూజకు ఎంత శ్రేష్ఠమో వేరే చెప్పనక్కరలేదు. పదమూడు భయం మనది కాదు, తెల్లవారు తెచ్చినది.

నిజామాబాద్ వదినమ్మ

క్షమించాలి, అయ్యగారూ. మా అత్తగారు ఇంగ్లీషు అక్షరమొక్కటి తెలియని మనిషి. ఆవిడ పదమూడును తప్పించడానికి కారణం తెల్లవారు కాదు. పోయినవారికి చేసే కర్మలు పదమూడో రోజు దాకా సాగుతాయి గనుక ఆ అంకె ఇంటి గుమ్మం మీద ఉండరాదని ఆవిడ అనేవారు. పైనుంచి ఎవరో నేర్పారని తేల్చేస్తే మా ఇళ్లలోని పెద్దల మాటకు విలువేముంది?

పౌరోహితుడు, అమలాపురం

పెద్దల మాటను నేను తక్కువ చేయలేదమ్మా. కాని పదకొండు, పన్నెండు రోజులలో ముఖ్యమైన కర్మ ముగుస్తుంది. పదమూడో రోజు చేసేది శుభస్వీకారం. అంటే మైల విడిచి, మళ్లీ శుభాన్ని ఇంటిలోకి పిలుచుకోవడం. ఆ లెక్కన భయపడవలసినది పదకొండో అంతస్తుకు. దానిని మాత్రం ఏ నిర్మాణదారూ దాటవేయడు.

నిజామాబాద్ వదినమ్మ

మీ వైపు ఆచారం మీది, మా వైపు ఆచారం మాది. అన్నింటికీ ఒకే కొలత పెట్టవద్దని మనవి.

సూళ్లూరుపేట

ఫ్లాటు, పచ్చడి వదిలేయండి. మా ఊరి పక్క శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ సీ12 2009 ఏప్రిల్‌లో ఎగిరింది. సెప్టెంబర్‌లో ఎగిరినది సీ14. సీ13 అన్న రాకెట్టే లేదు. ప్రయోగానికి ముందు చెంగాళమ్మ గుడికి, తిరుమలకు వెళ్లడం అందరికీ తెలిసినదే. శాస్త్రవేత్తలే దాటవేసిన అంకెను సామాన్యుడు దాటవేస్తే తప్పేమిటి?

బర్నబీ తెలుగువాడు

గుడికి వెళ్లడమూ అంకె దాటవేయడమూ ఒకటి కాదు. ఆ సంఖ్యలు ప్రయోగ క్రమాన్ని అనుసరించవని కూడా గమనించాలి. 2008లో సీ10 జనవరిలో ఎగిరితే, సీ9 ఏప్రిల్‌లో ఎగిరింది. అలాంటప్పుడు ఒక సంఖ్య లేకపోవడం నుంచి ఇంత పెద్ద నిర్ణయానికి రావడం సరికాదు.

సూళ్లూరుపేట

క్రమం తప్పినవన్నీ ముందో వెనుకో ఎగిరాయి. సీ9 ఆలస్యంగానైనా వచ్చింది. సీ21 తరువాత సీ20 వచ్చింది. సీ13 ఒక్కటే ఎన్నటికీ రాలేదు. జీఎస్‌ఎల్‌వీలో కూడా 2023లో ఎఫ్12 ఎగిరాక, తరువాతి ఫిబ్రవరిలో ఎగిరినది ఎఫ్14. కెనడాలో కూర్చుని మాకు మా రాకెట్ల లెక్క నేర్పకండి.

దస్తావేజు లేఖరి

ప్రశ్న అడిగినవారు పాపం ఇంకా ఎదురు చూస్తున్నట్లున్నారు. లిఫ్టులో ఏమి రాసి ఉందో దస్తావేజుకు అనవసరం. మంజూరైన నక్షాలో ఆ అంతస్తును ఎలా చూపారో అదే ఆధారం. రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నమోదులో, ఓసీలో (నివాసయోగ్యతా పత్రంలో) కూడా అదే ఉందో లేదో సరిచూసుకోండి. షెడ్యూలులో ‘మంజూరైన నక్షా ప్రకారం పదమూడవ అంతస్తులోని, వాడుకలో 1404 అని పిలిచే ఫ్లాటు’ అని రెండూ రాయించి, హద్దులు, యూడీఎస్ (స్థలంలో మీకు వచ్చే అవిభక్త వాటా) స్పష్టంగా వేయించండి. బ్యాంకు పంపే ఇంజనీరు నక్షాను చేతిలో పట్టుకుని అంతస్తులు లెక్కపెడతాడు. కాగితంలో 14 మాత్రమే ఉంటే అతడు వివరణ అడగడం, ఫైలు ఆగడం సహజం. విక్రయ ఒప్పందంలో ఒకటి, దస్తావేజులో ఇంకొకటి, ఆస్తిపన్ను రసీదులో మరొకటి రాకుండా చూసుకోవలసినది కొనేవారే. తరువాత సవరణ దస్తావేజు రాయించుకోవాలంటే అమ్మినవారు మళ్లీ వచ్చి సంతకం చేయాలి. డబ్బు చేతికి అందాక వారిని రప్పించడం ఎంత కష్టమో నన్నడగండి.

ఆవకాయ శారద

పచ్చళ్ల ప్రశ్నకు ఎవరూ నేరుగా జవాబు చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను. మా మామగారి పట్టుదల మీద మా పేరులో ఒక అక్షరం రెండుసార్లు వేశాము. నోటితో పేరు విన్నవారు ఫోనులో మామూలు వర్ణక్రమంతోనే వెతుకుతారు, మేము కనిపించము, పోటీ వారి సీసాలు కనిపిస్తాయి. పాత పౌచులు మూలన పడ్డాయి, కొత్తవి ముద్రించాము, మామగారికి మాత్రం తృప్తి. ట్రేడ్‌మార్కు విషయంలో మా న్యాయవాది చెప్పినది ఇది: అధికారులు అక్షరాలను మాత్రమే కాక, ఉచ్చారణను కూడా చూస్తారు. చెవికి ఒకేలా వినిపించే పేరు అదే రకం సరుకుకు ముందే నమోదై ఉంటే, ఒక హెచ్ మిమ్మల్ని కాపాడదు. కంపెనీ పేరు నమోదు నియమాలలో కూడా అక్షరాల మార్పుతో పేరు వేరైపోదు. పైగా ‘గోదావరి’ ఊరూవాడా వాడే నది పేరు. దానిపై ఒక్కరికే హక్కు దొరకడం కష్టం. పక్కన ఇంకేదైనా విశిష్టమైన మాట చేర్చుకోమనండి.

అంకజ్యోతి

ఆ పట్టుదలకు సరైన గణన తోడై ఉండదు. వివరాలు పంపితే ఉచితంగా చూసి చెబుతాను.

ఆవకాయ శారద

ఏ పట్టికతో చూస్తారో ముందు పండితులవారితో తేల్చుకుని రండి.

కొత్త గృహస్థు

లేఖరి గారికి, శారద గారికి కృతజ్ఞతలు. ఈ రోజు నిర్మాణ సంస్థ కార్యాలయానికి వెళ్లి నక్షా అడిగితే, అందులో స్పష్టంగా పదమూడవ అంతస్తనే ఉంది. ఒప్పందం ముసాయిదాలో మాత్రం 14 అని ఉంది. రెండూ రాయమని అడిగితే, ‘పదమూడు’ అన్న మాట కాగితం మీద కనబడితే మిగతా కొనుగోలుదారులు గొడవ చేస్తారని అక్కడి మేనేజరు అంటున్నాడు. మంజూరు పత్రంలో అదే మాట ప్రభుత్వ ముద్రతో ఉండగా ఇదేమి అభ్యంతరమో అర్థం కాలేదు.

సైటు ఇంజనీరు

మంజూరు పత్రం కొనేవారెవరూ చదవరు, అందుకే ఆ అభ్యంతరం. మేనేజరుతో మాట్లాడకండి, వారి లీగల్ విభాగానికి రాతపూర్వకంగా పంపి, జవాబు వచ్చేదాకా రెండో వాయిదా కట్టకండి.