పీసా టవర్: ఒరిగిన వైపు బలపరచకుండా ఎదుటి వైపు మట్టి ఎందుకు తీశారు?

రేగడినేల:
పీసా టవర్ ఒరిగింది దక్షిణానికి. ఆ పక్క పునాది కింద కాంక్రీటు నింపి గట్టిచేస్తే పోయేదానికి, ఉత్తరం పక్క మట్టి తీశారని చదివాను. అంత బరువున్న కట్టడం కింద మట్టి తీస్తే ప్రమాదం కాదా? ఎంత తీశారు, ఎలా తీశారు? ఇంకొకటి, వాలు 5 డిగ్రీలని కొందరు, 4 అని కొందరు రాస్తున్నారు. ఏది సరైనది?

సున్నపుగానుగ:
పునాది దగ్గర చెయ్యి పెట్టిన ప్రతిసారీ టవర్ ఇంకాస్త దక్షిణానికే వాలింది, అందుకని. కట్టినప్పటి నుంచి అది దాదాపు 3 మీటర్లు దిగడంతో స్తంభాల అడుగులు నేలలో కూరుకుపోయాయి. అవి కనబడాలని 1838లో గెరార్డెస్కా అనే వాస్తుశిల్పి చుట్టూ నడవలా తవ్వించాడు. దక్షిణం పక్క తవ్వకం నీటిమట్టం కన్నా లోతుకు పోయి, నీరు ఉబికి, వాలు సుమారు అర డిగ్రీ పెరిగింది. 1934లో పునాదికి వందలాది రంధ్రాలు వేసి సిమెంటు పాలు ఎక్కించారు. మళ్లీ కదిలింది. 1995లో టవర్‌ను ఉత్తరం పక్క నేలకు బిగించే లంగరు తీగలు దించేందుకు నేలను ద్రవ నైట్రోజన్‌తో గడ్డకట్టిస్తుంటే సెప్టెంబరులో దక్షిణానికి జరగడం మొదలైంది. పని ఆపేసి, 1993 నుంచి ఉత్తరం పక్క ఎదురు బరువుగా పేర్చి ఉన్న 600 టన్నుల సీసపు దిమ్మలను 900 టన్నులకు పెంచాల్సి వచ్చింది.

14,500 టన్నుల బరువు 19.6 మీటర్ల వ్యాసమున్న పునాది మీద నిలబడి ఉంది. దాని కింద సుమారు 10 మీటర్లు ఇసుక, ఒండ్రు, బంకమట్టి కలిసిన పొర, ఆ కింద మెత్తటి సముద్రపు బంకమట్టి. కొంచెం ఒరిగితే బరువు ఆ పక్కకు జరుగుతుంది, ఆ పక్క ఇంకా దిగుతుంది, మళ్లీ ఒరుగుతుంది. ఆ స్థితిలో దక్షిణం పక్క ఒక్క రంధ్రం వేయడం కూడా తెగింపే.

ఆగర్_పని:
తీసిన పద్ధతి ఇది. పునాదికి ఉత్తరాన, బయటి నుంచి, ఏటవాలుగా 180 మి.మీ. గొట్టాలు దించారు. గొట్టం లోపల తిరిగే ఆగర్ (మరలాంటి తవ్వే కడ్డీ) కొన కాస్త ముందుకు పోయి, కొద్దికొద్దిగా మట్టి తీసుకొని వెనక్కి వస్తుంది. మెత్తటి నేల కాబట్టి ఖాళీ దానంతటదే పూడుకుంటుంది, ఆ మేరకు పైనేల దిగుతుంది, పునాది ఉత్తరపు అంచు దానితోపాటు దిగుతుంది.

ఇక్కడ దాటకూడని గీత ఒకటి ఉంది. ఉత్తరపు అంచు నుంచి లోపలికి వ్యాసార్ధంలో సుమారు సగం దూరం. అంతకు మించి లోపలికి పోయి తీస్తే వాలు తగ్గదు, పెరుగుతుంది. అందుకే ముందు టవర్ ఉన్న మైదానంలోనే 7 మీటర్ల గుండ్రటి పునాది పోసి, ఒక పక్క బరువు పెట్టి పరీక్షించారు. ఏదైనా జరిగితే పట్టుకునేందుకు 1998లో టవర్‌కు ఉక్కు తాళ్లు చుట్టి ఉత్తరం వైపు కట్టారు. 1999 ఫిబ్రవరిలో 12 రంధ్రాలతో ప్రయత్నం, 2000 నుంచి 41 రంధ్రాలతో అసలు పని. మొత్తం తీసింది 38 ఘనపు మీటర్లే, అదీ ఎక్కువ భాగం పునాది అంచుకు బయట నుంచే. వాలు అర డిగ్రీ తగ్గింది. 1990 జనవరిలో మూసిన టవర్‌ను 2001 డిసెంబరులో తెరిచారు. వానాకాలంలో ఉత్తరం పక్క నీటిమట్టం పెరిగినప్పుడల్లా వాలు కాస్త పెరిగేది కాబట్టి ఆ పక్క నీరు తోడేసే బావులు కూడా పెట్టారు. దీని గురించి ఎవరూ మాట్లాడరు గానీ దీర్ఘకాలంలో ఇదే కీలకం.

సున్నపుగానుగ:
5, 4 రెండూ సరైనవే. టవర్ నిటారు గీత కాదు, అరటిపండులా వంగింది. 1173లో మొదలుపెట్టి 1178లో ఆపి, 1272లో మళ్లీ ఎత్తుకున్నప్పుడు మేస్త్రీలు వాలును సరిదిద్దుకుంటూ కట్టారు. గంటల గది ఎక్కే మెట్లు దక్షిణాన 6, ఉత్తరాన 4. పునాది దగ్గర కొలిస్తే ఇప్పుడు 5, అడుగు నుంచి కొన వరకు గీత గీస్తే సుమారు 4. ఆ శతాబ్దం విరామంలోనే బంకమట్టిలో నీరు పిండుకుపోయి నేల గట్టిపడింది. ఏకబిగిన కట్టి ఉంటే ఆ నేల మోసేది కాదు.

రేగడినేల:
ఇద్దరికీ ధన్యవాదాలు. నల్లరేగడిలో ఒరిగిన ఇంటికి ఇది పనికొస్తుందా?

ఆగర్_పని:
మామూలు ఇంటికి వద్దండీ. ఈ పద్ధతికి మొత్తం కట్టడం ఒకే ముక్కగా కదలాలి. స్తంభానికో ఫుటింగ్ (విడి పునాది) ఉన్న ఇంట్లో ఒక్కో ఫుటింగ్ ఒక్కోలా దిగి దూలాలు, గోడలు పగులుతాయి. పైగా రేగడి వానకు ఉబ్బి ఎండకు కుంచించుకుంటుంది, ఈ ఏడాది సరిచేసింది వచ్చే ఏడాది మళ్లీ కదులుతుంది. మెక్సికో నగరంలోని కథీడ్రల్ అనే పెద్ద చర్చికి 1990ల్లో ఇదే పద్ధతి వాడారు గానీ అక్కడా ఏళ్ల తరబడి కొలతలు తీస్తూ చేశారు. ఇంటికైతే ముందు లీకయ్యే పైపులు, గోడ పక్క నిలిచే నీళ్లు, దగ్గర్లోని పెద్ద చెట్లు చూడండి. పగుళ్ల మీద గుర్తులు పెట్టి ఒక వానాకాలం, ఒక ఎండాకాలం కొలిచాక స్ట్రక్చరల్ ఇంజనీరును పిలవండి. వాలు నెలనెలా పెరుగుతుంటే మాత్రం ఆగకుండా ఇల్లు ఖాళీ చేసి వెంటనే పిలవాలి.